మంగళవారం దించిన పడవ

అమ్మా, మాన్సా నమస్కారాలు. అబిజాన్ పట్నం చేరాను, ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు.

ఇక్కడ ఒకావిడ దగ్గర చేపలు పొగబెట్టే కూలి దొరికింది. నిన్న ఆవిడ గోడమీద కొత్త కేలండరు చూశాను. అందులో పథకం వాళ్లు మన ఆడవాళ్ల సంఘానికిచ్చిన పడవ, దాన్ని తోస్తూ ముందు వరసలో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న నేను.

మంగళవారం సముద్రానికి సెలవు, ఆవేళ పడవ దించకూడదని ఆ పథకం ఆఫీసరమ్మకు చెప్పకపోలేదు. "ఫొటో కోసమేగా మాన్సా, అలా నీళ్లు తాకించి లాగేద్దాం" అంది. తలూపి, అందరిచేతా తోయించింది నేనే. కట్టు తప్పామని జాలర్ల పెద్ద మన పడవ లాగేసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఒడ్డున మొగాళ్లు మనకి ఒక్క చేప అమ్మితే ఒట్టు. "పోయి మీ ఫొటోల మేడమ్‌నే అడగండే!" అని నేను బయల్దేరిన రోజు కూడా అన్నారు.

చేపలు పొగబెట్టే మన పొయ్యి మళ్లీ వెలిగిందా? నా చంటిదానికి దగ్గు తగ్గిందా? నా చేపల తట్టలు వదినకి ఇచ్చెయ్యి, ఇక నాకక్కర్లేదు. ఇటు ఎవరైనా వస్తుంటే నాలుగు కెంకే ముద్దలు పంపు, మన పులిసిన మొక్కజొన్న పిండి రుచి ఇక్కడ దొరకదు. నన్ను రమ్మనకు.

చంటిదానికి నా పేరు చెప్పి ముద్దు పెట్టు. సంఘంలో వాళ్లని అడిగానని మాత్రం చెప్పకు.

మాన్సా