ఉప్పు వెయ్యని కూర

శుక్రవారం, శ్రీకాకుళం

కళ్లు మూస్తే మంచం ఇంకా పడవలాగే ఊగుతోంది.

మందుల ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలో కలిసే చోట ఇవాళ పరీక్ష కోసం సీసాల్లో నీళ్లు పట్టాను. అందులో కలిసే సాల్వెంట్ అనే రసాయనం వల్ల ఎవరికెంత ముప్పో రిపోర్టు రాయాల్సింది నేనే. "ఈ నీళ్లు ఎవరూ తాగరు కనక మనుషులకి ముప్పు లేదు" అని నిన్ననే రాసేశాను. ఉప్పునీళ్లు ఎవరు తాగుతారులే అని.

మధ్యాహ్నం అక్కడే, పడవ నడిపే అప్పన్న మావ చిన్న పొయ్యి వెలిగించాడు. చేపలు కడిగి, చెంబు సముద్రంలో ముంచి కూరలో పోశాడు.

"ఉప్పు వెయ్యవా మావా?"

"ఉప్పేటికమ్మా, సముద్రం ఉన్నాది కదా! తాతల నాటినుండీ ఇలాగే ఒండుతన్నాం. తిని సూడు."

తిన్నాను. ఎంత బాగుందో! మళ్లీ వేయించుకున్నాను. వేళ్లు నాకుతుంటే నిన్న రాసిన వాక్యం గుర్తొచ్చింది. గొట్టం దగ్గర నీళ్ల మీద వెండిపొర మెల్లగా కదులుతోంది, చూడ్డానికి అందంగానే ఉంది.

ఇంటికి రాగానే ఆ వాక్యం కొట్టేశాను. మావకి మాత్రం ఏమీ చెప్పలేకపోయాను. పరీక్ష ఫలితం రాకుండా ఏమని చెప్పను?

తెల్లారితే మళ్లీ వేటకెళ్తాడు. చెంబు పడవలోనే ఉంది.