మే నెలలో వచ్చిన కాగితం

సంగనకల్లు,
14 జులై 1958.

సాలొమోను చిన్నాన్న గారికి,

వందనాలు రాయడానికి చెయ్యి ఆడలేదు. క్షమించండి.

మా ఊరికి తపాలా సరిగ్గా రాదని మద్రాసు కాలేజీ దరఖాస్తులో మీ బళ్ళారి విలాసమే ఇచ్చాను. అడిగిన ప్రతిసారీ, "ఇంకా రాలేదు తల్లీ, వస్తాది తాళు" అన్నారు. నిన్న మీ ఎలిజబెత్ వచ్చి నా ముందు ఏడ్చింది. "అక్కా, నీకు మే నెలలోనే సీటు వచ్చిండాది. ఆ కాగితం నాయన బీరువాలో పెట్టి బీగం వేసినాడు" అంది. మిషన్ సాయం కుటుంబానికి ఒక్క ఆడపిల్లకే కదా! నాకు చదువు మీద మనసు లేదని దొరసానిగారికి చెప్పి, ఆ సాయం దానికి ఇప్పించారట.

నేను చేరవలసిన గడువు దాటిపోయింది. తాను పోనని మొండికేసిన చెల్లెల్ని నేనే ఒప్పించి కాలేజీకి పంపాను. దాన్నేమీ అనకండి. నాన్నకు ఇంకా చెప్పలేదు. మీరంటే ఆయనకు ప్రాణం. దరఖాస్తప్పుడు మీ దగ్గర ఉంచిన నా సర్టిఫికెట్లు మాత్రం తిరిగి ఇవ్వండి, వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెడతాను.

పోయిన ఆదివారం చర్చిలో నా సీటు కోసం మీరు లేచి ప్రార్థన చేశారు. మీ పక్కనే మోకరించి నేను ఆమెన్ అన్నాను. ఆ మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు.

ఇట్లు,
మీ అన్న కూతురు