కుళాయి ఫోటోలకు సంజాయిషీ

గౌరవనీయులైన ఇంజనీరు గారికి, స్టోరు గుమాస్తా నమస్కరించి రాసుకునే సంజాయిషీ.

కుళాయి ప్రారంభోత్సవం ఫోటోలు నల్లగా వచ్చినందుకు నన్ను ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమన్నారు. చెబుతున్నాను.

“ఫోన్లో ఎవడైనా తీస్తాడయ్యా, బీరువాలోని ఆ రష్యా కెమెరాతో తియ్యి” అన్నది తమరే. అది సోవియట్ కాలం నాటిది. అందులో మనం చూసే కిటికీ వేరు, ఫిల్ముకు చూపించే లెన్సు వేరు. కిటికీలోంచి చూస్తే తమరు ఇద్దరుగా కనిపించారు. లెన్సు రింగు తిప్పి ఇద్దరినీ ఒక్కరిగా కలిపితేనే ఫోటో స్పష్టంగా వస్తుంది. తమరిని కలపడంలో మునిగిపోయి లెన్సు మూత తీయడం మరిచాను. మూత ఉన్నా కిటికీలో తమరు వెలిగిపోతూనే ఉన్నారు. అలా తమరి ఉపన్యాసం, రిబ్బను, తమరు నీళ్లు తాగడం, ముప్పై అయిదు ఫోటోలూ చీకటైపోయాయి.

తమరి కారు వెళ్లాక ఆఫీసు ఊడ్చే ఆమె, “అన్నా, దాని కళ్లకు గంతలు కట్టి ఏం తీశావ్?” అని పగలబడి నవ్వింది. మూత తీసి, మిగిలిన ఒక్క ఫోటో తీశాను.

అది అద్దంలా వచ్చింది. అద్దెకు తెచ్చిన నీళ్ల ట్యాంకరు, కుళాయి వెనక నుంచి దాని గొట్టం ఊడదీసుకుంటున్న డ్రైవరు, ఖాళీ బిందెలతో జనం, అందరినీ పోల్చుకోవచ్చు. కుళాయికి అసలు పైపు లైనే లేదని నాకూ అప్పుడే తెలిసింది.

ఆ రోజుది ఒక్క ఫోటో అయినా ఇమ్మని పత్రికవాళ్లు రోజూ వస్తున్నారు. ఇవ్వమంటారా, వద్దంటారా? తమరి మాట వచ్చేదాకా ఫిల్ము మా అక్కగారింట్లో భద్రంగా ఉంటుంది.

తమ విధేయుడు.