నేను వాసన చూసిన అరవై రెండు బస్తాలు

గులాబ్‌బాగ్, పూర్ణియా
16-5-2025, శుక్రవారం, ఉదయం ఏడు గంటలు

చిరంజీవి ఋచాకు నానమ్మ ఆశీస్సులు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తోందా అనుకుంటావు. ఫోన్లో అయితే సగంలో మాట మార్చేస్తాను. కాగితం మీద పెట్టినదాన్ని మార్చడం నాకు చేతకాదు. దీనితో పాటు పట్నా బస్సు డ్రైవరు ఒక గుడ్డసంచీ ఇస్తాడు. అందులో కిలో మొక్కజొన్న ఉంది. మీ ల్యాబులో బూజు విషం ఉందేమో పరీక్ష చెయ్యి. మీ నాన్నకు చెప్పకు.

మార్చిలో వచ్చిన జ్వరంతో నాకు వాసన తెలియడం పోయింది. ఈ రెండు నెలల్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. మీ అమ్మ పరుగెత్తుకొచ్చి, "అత్తయ్యా, ఇల్లంతా కంపు కొడుతోంది, మీకు తెలియట్లేదా?" అంది. "పాలు పెట్టి మరిచిపోయేవాళ్ళకి బుద్ధి రావాలనే ఊరుకున్నాను" అన్నాను. పాపం, నమ్మింది. తప్పయిందని కూడా అంది.

మన మిల్లు పద్ధతి నీకు తెలుసు. తేమ మిషను గింజలో నీళ్ళెంతో చెబుతుంది, బూజు సంగతి చెప్పదు. అందుకే ముప్పై ఏళ్ళుగా బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు గింజలు తీసి, వాసన చూసి "దించండి" అనేది నేను. నేను అననిదే లారీ తాడు విప్పరు.

ఈ ఏడు మంచి గింజంతా ఇథనాల్ ఫ్యాక్టరీల వాళ్ళు పొలం దగ్గరే ఎత్తుకుపోతున్నారు. సరుకు లేక మిల్లు నాలుగు రోజులు ఆగింది. ఏడో తేదీన బైద్యనాథ్ మండల్ అనే రైతు అరవై రెండు బస్తాలు తెచ్చాడు. అందరిలాగే తారురోడ్డు మీద ఆరబోసినవే. నాలుగో తేదీ గాలివానకు తడిశాయా అని అడిగాను. "రెండు పట్టాలు కప్పాను పెద్దమ్మా, చుక్క దిగలేదు. మీ ముక్కు ముందు అబద్ధమాడితే నా ముక్కే ఊడిపోదూ!" అన్నాడు. హమాలీలు నవ్వారు. గింజలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. మిషను తేమ పదమూడున్నర శాతమే చూపించింది, అంటే ఎండిన గింజ కిందే లెక్క. "దించండి" అన్నాను. పుస్తకంలో "వాసన: మంచిది" అని నా చేత్తోనే రాశాను.

నిన్న జల్లెడ పట్టే ఫూల్‌మతి వచ్చి, "అమ్మగారూ, ఈ రవ్వ తడిగోడ వాసనేస్తోంది. మీరు చూసిన సరుకేనా ఇది?" అంది. ఆ అరవై రెండు బస్తాల్లోంచి తీసి దాచిన నమూనా విప్పి భూతద్దంతో చూశాను. గింజ మొనల్లో ఆకుపచ్చ పొడి. తడిసి, బూజు పట్టి, మళ్ళీ ఎండిన గింజ.

ఆ గింజతో ఆడించింది అంగన్‌వాడీ పిల్లలకు జావ కాచే రవ్వ. బుధవారమే తొమ్మిది కేంద్రాలకు వెళ్ళిపోయింది. సోమవారం నుంచి వండుతారు. ఆ విషం ఉడికించినా పోదని నాకు చెప్పింది నువ్వే. పిల్లల గురించి భయం. ఇంకో భయం రాయడానికి సిగ్గుగా ఉంది: "ఇక విశ్రాంతి తీసుకో అమ్మా" అని నన్ను లోపలి గదిలో కూర్చోబెడతారని. పరీక్షలో ఏమీ లేదని తేలితే ఈ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. త్వరగా చూడు.

నీ నానమ్మ
ఇందుమతీ చౌధరి


గులాబ్‌బాగ్
18-5-2025, ఆదివారం, మధ్యాహ్నం

ఋచా తల్లీ,

నిన్న పొద్దున ఫోను చేసి నువ్వన్నది ఇంతే: "ఫలితం మంగళవారం వస్తుంది నానమ్మా. పిల్లలు సోమవారం తింటారు. నాకు లెక్కలు నేర్పింది నువ్వేగా." అని పెట్టేశావు. పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది? అయినా లెక్క సరిగానే చేశావు.

మిల్లుకు వెళ్ళి మీ నాన్నకు అంతా చెప్పాను. వాడు ఆశ్చర్యపోలేదు. "నీ ముక్కు సంగతి నాకు ఏప్రిల్లోనే తెలుసమ్మా. పప్పులో ఇంగువ మూడింతలు వేసి, ఇవాళ ఇంగువ తగల్లేదన్నావు" అన్నాడు.

"తెలిసీ గేటు దగ్గర ఎందుకు నిలబెట్టావురా?"

"నువ్వుంటే తడి సరుకు తేవడానికి జంకుతారు. ఆ భయం చాలనుకున్నాను."

"అంటే నేను దిష్టిబొమ్మనా?"

యాభై రెండేళ్ళ కొడుకు మీద చెయ్యెత్తి, దించేశాను. మంచిదని రాసిన చెయ్యి అదే కదా.

ఇద్దరం జీపు ఎక్కాం. ఎనిమిది కేంద్రాల్లో బస్తాలు కుట్టు విప్పకుండా దొరికాయి. తొమ్మిదో చోట రుక్సానా అనే టీచరు నవ్వుతూ ఎదురొచ్చింది. "పాత రవ్వ అయిపోతే పొద్దున్నే కొత్తది వండేశానమ్మా. గిన్నెలు నాకేశారు దొంగవెధవలు! మా జోయా అయితే రెండుసార్లు పెట్టించుకుంది." జోయా ఆమె కూతురు. నాలుగేళ్ళది. మొత్తం పదిహేడు మంది తిన్నారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రుక్సానా నన్ను తిట్టలేదు. గుమ్మంలో కూలబడి, "ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగింది. గురువారం అన్నాను. శుక్రవారం నీకు ఉత్తరం రాస్తూ కూర్చోకుండా జీపు ఎక్కి ఉంటే ఆ పిల్లలు తినేవాళ్ళు కాదు. ఈ వాక్యం రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక జరగవలసినవి:

1. మంగళవారం ఫలితం ఏదైనా ముందు రుక్సానాకు చెప్పు. తర్వాత మీ నాన్నకు.

2. రేపు పొద్దున పదిహేడు మందినీ డాక్టరు దగ్గరికి తీసుకెళతాను. ఒక్క పూట తిన్నదానికి ఏమీ కాదని మీ నాన్న అంటున్నాడు. ఆ మాట డాక్టరు అనేదాకా ఏ తల్లితోనూ మనం అనకూడదు.

3. వెనక్కి వచ్చిన రవ్వను కోళ్ళ దాణాకు అడిగేవాడు అప్పుడే వచ్చాడు. ఇవ్వకూడదు. అధికారుల ముందు తగలబెట్టాలి.

4. రేపటి నుంచి గేటు దగ్గర వాసన చూసేది ఫూల్‌మతి. నాకు వాసన తెలియదని లారీలవాళ్ళందరి ముందూ నేనే చెబుతాను. తర్వాత ఎలాంటి సరుకు వస్తుందోనని మీ నాన్న వణుకుతున్నాడు. వణకనీ.

5. ఏ బిడ్డకు వాంతి అయినా, ఒళ్ళు వెచ్చబడినా వెంటనే చెప్పమని పదిహేడు ఇళ్ళకూ నా నంబరు ఇచ్చాను. కాబట్టి నువ్వు నాకు ఫోను చెయ్యకు తల్లీ. మోగిన ప్రతిసారీ ఎత్తడానికి చెయ్యి రావడం లేదు.

ఇందుమతి