తొవ్వ గిన్నె

నాయనా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి వానాకాలం ఇది. చెరువులు నిండుతున్నాయి. చేపపిల్లల కోసం మన శ్రీరంగాపూర్ హ్యాచరీకి మళ్ళీ మనుషులు వస్తున్నారు. కరెంటు, మేత, ఆక్సిజన్ అన్నిటి ఖర్చూ పెరిగింది. ఈ ఏడు గట్టెక్కకపోతే తొట్లు అమ్మేద్దామని అమ్మ అంటోంది. అందుకే, దారిలో చచ్చిపోయే చేపపిల్లలకు బదులుగా ప్రతి సంచిలో నువ్వు ఊరికే ఎక్కువ పోసే గిన్నెడు పిల్లలు, అదే నీ తొవ్వ గిన్నె, మానేశాను. మన లాభమంతా ఆ గిన్నెలోనే పోతుందని నీతో ఎప్పుడూ వాదించేదాన్ని కదా.

ఈరోజు ఇటిక్యాల నుంచి చెవిపోగుల తాత వచ్చాడు. నేను సంచి మూతి కట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తొవ్వ గిన్నె ఏదమ్మా?"

"నాయన లేడు కదా తాతా," అన్నాను.

"మీ నాయన లేడు గని బిడ్డా, మా తొవ్వ గంతే దూరం ఉన్నది గదా!"

నీ గిన్నెతోనే ముంచి పోశాను. సంచి బండికి కట్టుకుంటూ, "మల్లొచ్చే యేడు గూడ ఈడికే వస్త," అన్నాడు.

నేను వాదించినప్పుడల్లా నువ్వు నవ్వి ఊరుకునేవాడివి. నీ జవాబు ఇదే అయ్యుంటుంది. నీ నోట వినాలని ఉంది, నాయనా.