గుమ్మం ముందు వంకర ముగ్గు

అత్తయ్యా,

పాలు కాచి మూత పెట్టాను. చేతి వణుకు మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకోండి, పరగడుపున వద్దు. ప్లంబర్ వస్తే వంటింటి కుళాయి చూపించండి.

గుమ్మం ముందు ముగ్గు చూసి కంగారు పడకండి. అది నేనే వేశాను. రోజూ తెల్లవారకముందే ముగ్గు డబ్బా అందుకునే మీరు ఇవాళ దుప్పటి ముసుగే తీయలేదు. ఎందుకో నాకు తెలుసు. నిన్న మా ఆఫీసు మేడమ్ వచ్చి, మీ ముగ్గు చూసి నవ్వుతూ "ఎవరు వేశారు?" అని అడిగితే, "పక్కింటి పాప ఆడుకుంటూ గీసిందండీ" అనేశాను. మీరు వంటింట్లో ఉన్నారనుకున్నాను. తలుపు వెనక ట్రేలో కప్పులు గలగలమన్నప్పుడు నాకు చచ్చినంత పనైంది. మీకు మొహం చూపించలేకే ఈ చీటీ రాసిపెట్టి పోతున్నాను.

చేయి వణికినా మీరు ఒక్క చుక్క కూడా వదలకుండా కలుపుతారు. నా చేతులు రెండూ బాగానే ఉన్నాయి, అయినా మెలిక తిరిగే చోటల్లా గీత ఎటో పోయింది. చెరిపి మళ్లీ వేస్తే ఇంకా అధ్వానంగా వచ్చింది. బస్సు టైమైపోతోందని అలాగే వదిలేశాను.

మీరు జాలిపడి దాన్ని సరిచేయకండి. తుడవకండి కూడా. సాయంత్రం దాకా వచ్చేపోయేవాళ్లందరూ చూడనీయండి.

ఇంకొకటి. ఎవరైనా నవ్వి ఎవరు వేశారని అడిగితే, పక్కింటి పాప అని నన్ను కాపాడొద్దు. మా కోడలు అని చెప్పండి.