సాంచాలకు సుట్టి

శుక్రవారం, రాత్రి

మా మరమగ్గాల షెడ్డులో సాంచాలకు ఈరోజు సుట్టి, పని లేదు. షెడ్డు నెట్‌వర్క్ చూసుకునే ఏఐకి పొద్దున తొందరలో, "సాంచాలు బంద్. అక్కడి లైన్లన్నీ ఆపెయ్" అని రాశాను. అది ఆపేయకుండా తిరిగి అడిగింది: "ఆ లైన్లలో పొగ అలారం కూడా ఉంది. అదీ ఆపమంటారా?" దాన్ని ఉంచమన్నాను.

మధ్యాహ్నం వేస్టు నూలు కుప్పలో పొగ లేచింది. సుట్టినాడు చప్పుడుండదని మామయ్య షెడ్డులోనే పడుకున్నారు. అలారం మోగితేనే లేచి బయటపడ్డారు. "అన్నీ" అని రాసింది నేనే. అది అడగకపోయి ఉంటే...

సంగతంతా చెబితే, ఏఐ అంటే ఎవరో మనిషనుకుని మామయ్య అన్నారు: "గంత సోచాయించి, ఆలోచన జేసి అడిగినోన్ని ఊకెనే ఇడుస్తమా? రేపు చాయ్‌కి పిలువు బిడ్డా."

పిలుస్తానన్నాను.